బోర్లించిన గ్లాసు

మొన్న సాయంత్రం మా కొత్త ఇంటి గదిలో చిన్నవాడు బోర్లించి మరిచిపోయిన గాజు గ్లాసును ఎత్తాను. లోపలంతా సన్నటి నీటి బిందువులు. గ్లాసు ఉన్నచోట నేల మీద గుండ్రంగా ముదురు మచ్చ. పొద్దున వాడికి ఆ గ్లాసును నేనే తుడిచి ఇచ్చాను. గదిలో తడిసిన సుద్దముక్క వాసన. పైకి చూస్తే మాత్రం ఆ తెల్లటి జిప్సం నేల ఆరి, నున్నగా, మరునాడు టైల్స్ పరచడానికి సిద్ధంగా ఉంది.

గది మట్టంగా రావడానికి జిప్సం కలిపి పోసి, దాని మీద టైల్స్ అతికించడం మా కుప్పంలో కొత్త. మేస్త్రీ మునిరత్నం ఆ పని బెంగళూరులో నేర్చుకుని వచ్చాడు. మేము ఆ గది కట్టుకున్నదే చిన్నవాడి ఉబ్బసం కోసం. అద్దె ఇంట్లో ఏడాది పొడుగునా నేల చెమ్మ. వాడి చాప అడుగున బూజు. కొత్త నేలలో తడి ఉండగానే టైల్స్ కప్పితే ఆ తడి బయటికి పోదు. టైల్స్ ఊడతాయి, చెమ్మ మళ్ళీ వాడి చాప కిందికే చేరుతుంది. ఈ సంగతి నాకు జైతూన్‌బీ వల్ల తెలుసు. పిల్లలు పడుకున్నాక ఇదంతా రాస్తుంటే ఆమె నమిలే తమలపాకుల వాసన కూడా వస్తున్నట్టే ఉంది.

డిగ్రీ అయ్యాక మదనపల్లెలో నేను మొదట పనిచేసింది ఆమె టైల్స్ దుకాణంలోనే. భర్త పోయాక నేల పనుల కాంట్రాక్టు ఆమే నడిపింది. టైల్స్ లారీలో డ్రైవరు పక్కన, ఒళ్ళో నల్ల గొడుగు పెట్టుకుని, దొరసానిలా కూర్చునేది. పనివాళ్ళు 'ఆపా' అనేవారు, అక్కా అని. నేనూ అలాగే పిలిచాను. చేరిన రోజే అడిగింది.

"నిన్ను యాల పెట్టుకున్నానో తెలుసునా?"

"బి.ఎ. చదివినానని."

"బి.ఎ.లు వీధికి నలుగురుండారు. నువ్వు తాళం వేసి మూడుసార్లు లాగి సూస్తావని మీ నాయన చెప్పినాడు. నాకు అట్లా భయపడే పిల్ల కావాల. నా మేస్త్రీలందరికీ ధైర్యం జాస్తి!"

అక్కడున్న మేస్త్రీలు నవ్వారు. నేను నవ్వలేకపోయాను. మా ఇంట్లో నా భయాన్ని చుట్టాల ముందు దాచేవారు. అది ఒకరికి కావలసిన వస్తువని ఆ రోజే విన్నాను.

పుంగనూరులో ఒక చింతపండు వ్యాపారి ఇంటి పని వచ్చింది. జిప్సం నేలను నేను చూడడం అదే మొదలు. ఆరిన నేల పైన పొడిపొడిగా లేచే పలుచటి పొరను ఆపా రాళ్ళతో గీకించి, ఊడ్పించింది. టైల్స్ అతికించే ముందు దాని మీద ఇంకొక పూత వేయించాలట. "టైల్సు అతికించే సిమెంటూ ఈ జిప్సమూ ఒకదానికొకటి పడవు పాపా, అత్తాకోడళ్ళ మాదిరి. నడాన ఒక తెర ఉండాల" అంది. పూతకు ముందు రాత్రంతా ఒక గాజు గ్లాసు బోర్లించి ఉంచింది. తెల్లారి ఎత్తితే లోపల చెమ్మ. కూతురి నిశ్చితార్థం దగ్గరపడిన ఆ వ్యాపారికి కోపం వచ్చింది.

"అది గ్లాసుకు పట్టిన చెమటమ్మా, నేలది కాదు. పరిచేయండి."

"అట్లనా? అయితే నీ తల మీద బోర్లిస్తా రాప్పా, దేనికి పట్టిందో సూస్తాం!"

ఆయన భార్య కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆయన కూడా ఆగలేక నవ్వేశాడు. పని ఆగింది.

కొన్నాళ్ళకు గ్లాసు పొడిగా వచ్చింది. అందరూ పనికి దిగుతుంటే, కిటికీ కింద మూల నా చేతికి చల్లగా తగిలింది. చెప్పాలా వద్దా అని కాసేపు నలిగి, చెప్పాను. మేస్త్రీలు గొణిగారు. ఆపా ఆ మూలనూ గ్లాసు పెట్టించి, పని మరునాటికి వాయిదా వేసింది. తెల్లారి చూస్తే గ్లాసు పొడిగా ఉంది. అంతమంది పని చెడగొట్టానని నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

"యాల ఏడుస్తాండావు? భయం తప్పైతే మంచిదే గదా! నిజమైతే గదా ఏడవాల" అంది ఆపా. తర్వాత నా చేతిలో ఆ గ్లాసు పెట్టింది. "భయమేస్తే ఇది బోర్లించు. తెల్లారి ఇది ఏం చెప్తే అదే మాట. నీ మాటా వద్దు, నా మాటా వద్దు."

పెళ్ళయి కుప్పం వచ్చేశాను. ఆపా పోయిందన్న కబురు మా సుధ కడుపులో ఉన్నప్పుడు తెలిసింది. వెళ్ళలేకపోయాను.

మొన్న సాయంత్రం గ్లాసు సంగతి చెప్పగానే మా ఆయన తల పట్టుకున్నారు. "ఎల్లుండి గృహప్రవేశం. పలమనేరు నించి మామావాళ్ళు బయల్దేరినారు. గ్లాసు చెప్పిందని ఆపమంటావా?"

నేను గ్లాసును పొడిగా తుడిచి, చిన్నవాడు పడుకోబోయే మూల బోర్లించాను. "తెల్లారి మీరే ఎత్తి చూడండి" అన్నాను.

తెల్లారి ఆయనే ఎత్తారు. లోపల వేలు పెట్టి రాసి, ఆ వేలు చూసుకుంటూ నిలబడ్డారు. అప్పుడే వచ్చిన మునిరత్నం గ్లాసు అందుకుని వెలుగుకు పట్టాడు. "పైన ఎండిపొయ్యిందమ్మా. లోపల ఇంకా తడి పట్టుకోనుండాది. ఈ వానలకు యాడ ఎండుతాది? ఆగుదాం" అన్నాడు.

నేను భయపడింది మా అత్తగారికి. ఆమె కాఫీ తాగుతూ తేల్చేసింది. "టైల్సు లేకుంటే పాలు పొంగవా ఏంది? ఆ తెల్ల నేల మీదే పొయ్యి పెట్టు."

"దాని మీద పాలు కూడా ఒలకకూడదత్తా."

"అయితే వాకిట్లో పొంగిస్తా. వచ్చినోళ్ళు వాకిట్లోనే తాగి పోతారు!"

అందరూ నవ్వుతుంటే సుధ మాత్రం గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. అది కూడా ఈ మధ్య తాళం వేశాక లాగి చూస్తోంది. చూసినప్పుడల్లా నా భయం దానికీ అంటిందేమో అనుకుంటాను.

"అమ్మా, గది పాడైపోయిందా? మీరు మాట్లాడుకునేది విని రాత్రంతా భయమేసింది" అంది.

చిన్నవాణ్ణి కూడా పిలిచి ఇద్దరినీ ఆ తెల్ల నేల అంచున కూర్చోబెట్టుకున్నాను. "పాడు కాలేదు, ఇంకా ఎండలేదు, అంతే" అన్నాను. "రోజూ సాయంత్రం గ్లాసు బోర్లించేది చిన్నోడు. పొద్దున ఎత్తి చూసేది సుధ. పొడిగా వచ్చిన రోజు మునిరత్నాన్ని పిలుచుకొచ్చేది మీరిద్దరే. ఇంకొకటి సుధా, భయమేస్తే ఒక్కదానివే మేలుకోని ఉండొద్దు. నన్ను లేపు. ఇద్దరం పోయి గ్లాసు బోర్లిద్దాం."