కుప్పుస్వామి వీపు

చిత్తూరులో క్లారినెట్టు కుప్పుస్వామి ముఖం తెలియనివాళ్లు చాలామంది ఉండేవారు గానీ, ఆయన వీపు తెలియనివాళ్లు లేరు. ఎవరి పెళ్లిలో వాయించినా సరే, సభకు వీపు పెట్టి కూర్చునేవాడు. పందిరినిండా జనం ఉంటే ఆయన మాత్రం గోడకో, పశువుల కొట్టానికో ఎదురుగా తిరిగి వాయించేవాడు. వీపు మీద చొక్కా ఎంతవరకు తడిసిందో చూసి, రాగం ఎక్కడిదాకా వచ్చిందో చెప్పగల రసికులు మా ఊళ్లో తయారయ్యారు.

"ఏమప్పా, పెండ్లికూతురు ఈడుంటే గోడకు వాయిస్తావా?" అని పెళ్లిపెద్దలు కేకలేసేవారు.

"వినేది చెవులు గదన్నా. నా మొగంతో మీకేం పని?" అనేవాడు కుప్పుస్వామి.

డోలు వాయించే జయరావుకు ఇది పెద్ద చిక్కు. సభను చూస్తే కుప్పుస్వామి సైగలు కనబడవు, కుప్పుస్వామిని చూస్తే సభకు కోపం. అందుకని సగం అటూ సగం ఇటూ తిరిగి వాయించి, పెళ్లి పెళ్లికీ మెడకు ఆముదం పట్టించుకునేవాడు.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉండేది, ఒక్కటి తప్ప. కొన్ని చోట్ల ఆ గోడ జవాబు చెప్పేది. పుత్తూరు పెళ్లిలో ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగగానే, గోడ అవతలి నుంచి సన్నటి కూనిరాగం అదే పాటను అందుకుంది. నేను చెవులారా విన్నాను. అవతల ఉన్నది దీపం లేని గది. జయరావు చేతిలో పుల్ల జారిపడింది.

"అదెవురప్పా?" అన్నాడు జయరావు.

"వినేటోళ్లు."

"మనుసులేనా?"

"తాళం తప్పినారా? లేదు గదా. ఇంగేం కావల్ల నీకు?"

ఆ తరువాత కుప్పుస్వామి దయ్యాలకు వాయిస్తాడని ఊరంతా పాకిపోయింది. ఆయన చూసేవైపు పిల్లల్ని కూర్చోనిచ్చేవారు కాదు. అయినా పిలవడం మానలేదు. ఏడుస్తూ నవ్వుతున్నట్టుండే ఆ వాద్యం ఇంకెవరికీ రాదు మరి.

యుద్ధం ముగిసిన మరుసటి మాఘంలో సత్యవేడు వేరుశనగ వ్యాపారి సుందరరాజు తన కూతురు శకుంతలకు పెళ్లి చేశాడు. పెళ్లయిన మర్నాడు పొద్దున్నే వియ్యాలవారినందరినీ పులికాటు సరస్సులో పెద్ద తెరచాప పడవ ఎక్కించి, ఎర్రకాళ్ల కొంగల్ని చూపించి, అవతలి ఒడ్డున అత్తవారి ఊళ్లో అమ్మాయిని దింపాలని ఆయన ఏర్పాటు. పడవలోనే మేళం. మేళం వెంబడి ఎప్పటిలాగే నేను.

తల్లిలేని శకుంతలను పెంచింది మేనత్త చంద్రకాంతమ్మ. బొట్టు లేని మనిషి. పెళ్లి జరిగినంతసేపూ వెనక గదిలోనే ఉంది. ఒడ్డుదాకా వచ్చింది గానీ, పడవ ఎక్కబోతే తమ్ముడు సుందరరాజు అడ్డం నిలిచాడు.

"వద్దక్కా. కొత్త జంట ఉండాది. వియ్యపోళ్లు ఏమన్నా అనుకుంటారు."

"అత్తకు ఒక మాట చెప్పొస్తా నాయనా," అంది శకుంతల.

"మల్లొచ్చినప్పుడు చెప్పుకుందువులే. ఎక్కు, ఎక్కు."

చెప్పాల్సిన మాట గొంతులోనే పెట్టుకుని ఆ పిల్ల పడవ ఎక్కింది. అప్పుడు కుప్పుస్వామి జాలరి గోవిందస్వామితో ఏదో గుసగుసలాడుతున్నాడు. చేపలు బేరం చేస్తున్నాడనుకున్నాను. అందరికంటే చివర ఎక్కి, పడవ తోక దగ్గర నీళ్లవైపు తిరిగి కూర్చున్నాడు. వీపు మాకు.

సగం దారిలో మంచు దిగింది. ముందు కొంగలు మాయమయ్యాయి. తరువాత తెరచాప మాయమైంది. ఆ తరువాత పక్కనే ఉన్న జయరావు మాయమై, మాటగా మాత్రం మిగిలాడు. పడవ నిలిపేశారు. ఆ తెల్లదనంలో క్లారినెట్టు ఒక్కటే మోగుతోంది. కుప్పుస్వామి ఊపిరి తీసుకున్నప్పుడల్లా, మనిషన్నవాడు ఉండడానికి వీల్లేని ఆ నీళ్ల మీద నుంచి ఒక ఆడగొంతు ఆ పాటను అందుకుంటోంది.

"గోడలు వదిలి నీళ్లకు వచ్చినారా సామీ!" అంది జయరావు మాట.

గొంతు కాసేపు వెనక వినిపించింది. తరువాత ఎడమపక్క, చాలా దూరంగా. తరువాత ఆగిపోయింది.

కుప్పుస్వామి దిగ్గున లేచాడు. "కొట్టబ్బా, గట్టిగా కొట్టు! తప్పిపొయినారు! ఆ పక్క సముద్రం మొగ ఉండాది, పడవను లోపలికి ఈడ్చుకుంటాది!"

"తప్పింది ఎవురప్పా?"

"చంద్రకాంతమ్మ! గోవిందస్వామి పడవలో మన వెనకాలే వస్తా ఉండాది. కొట్టు!"

శకుంతల "అత్తా!" అని అరిచింది. కుప్పుస్వామి ఊపిరాడనట్టు వాయించాడు. జయరావు ఒక దెబ్బకు యేసయ్యను, ఒక దెబ్బకు ఏడుకొండలవాడిని పిలుస్తూ డోలు పగిలేట్టు కొట్టాడు. ఎంతసేపటికో మంచు చీలింది. ముఖం లేదు, కాళ్లు లేవు, నీళ్ల మీద కూర్చుని ఒక తెల్లటి ఆకారం మావైపు జరిగి వచ్చింది. ఎవరో తెలిసి కూడా జయరావు విస్తరాకుల కట్ట వెనక దూరాడు.

"అక్కా..." అన్నాడు సుందరరాజు. చెయ్యి సగం చాచి, వియ్యాలవారి వైపు చూసి ఆగాడు.

పెళ్లికొడుకు అవ్వ సుబ్బులమ్మ కసిరింది. "ఏమయ్యా, దారి తప్పిన మనిసిని పైకి లాగేదానికి గూడా ముహూర్తం సూస్తావా? చెయ్యియ్యి!"

చంద్రకాంతమ్మ పైకి వచ్చింది. మేనత్తా మేనకోడలూ ఏం చెప్పుకున్నారో మాకు తెలియదు. మంచు మర్యాద తెలిసిన మనిషిలా ఇద్దరినీ కప్పేసింది.

నేను కుప్పుస్వామి దగ్గరికి జరిగాను. "గోడల వెనక ఉన్నదీ ఇట్లాంటివాళ్లేనా?"

"పందిట్లోకి రానీరు గదన్నా వాళ్లను. ముందు నేను ఓడలో బొగ్గు వేసేటోణ్ణి. దొరలకు దీవులు సూపించే ఓడ. పైన యూదుల పెండ్లిమేళం వాయించేది. కింద మాకు దీవీ లేదు, ఆకాశమూ లేదు. ఆ మేళంలో క్లారినెట్టు తాత దొరలకు వీపు పెట్టి, కిందికి దిగే మెట్ల తట్టు తిరిగి, మాకు వాయించేటోడు. ఆయనే నేర్పించినాడు నాకు."

"క్లారినెట్టా?"

"క్లారినెట్టు తరవాత. ముందు ఇట్ల తిరిగి కూర్చునేది."

ఇంతలో మంచు పలచబడింది. సుందరరాజు తన చాపే తెచ్చి మధ్యలో అక్కకు పరిచాడు. "కుప్పుస్వామీ, అక్క లోపలికొచ్చేసింది. ఇంగన్నా ఇట్ల తిరుగప్పా."

కుప్పుస్వామి తలవంచి, మెల్లగా మావైపు తిరగబోయాడు. వాయించేటప్పుడు ఆయన బుగ్గలు ఎట్లా ఉంటాయో చూద్దామని పడవంతా మెడలు చాచింది. అంతలో ఆయన చూపు బయటికి పోయింది. మా పడవ తోకకు కట్టిన చిన్న పడవలో గోవిందస్వామి మోకాళ్లు కావలించుకుని వణుకుతున్నాడు.

"ఆయప్ప ఆడ ఒంటిగా ఉండాడు గదన్నా," అని కుప్పుస్వామి మళ్లీ నీళ్లవైపు తిరిగాడు.