హెడ్‌లైట్ల తీగ వెంట

మా పాత కారుకి లైట్లు వేస్తే చాలు, ఫ్యూజు కొట్టేసేది. ఒక్కోసారి పదిరోజులు బాగానే ఉండి, స్పీడ్ బ్రేకర్ ఎక్కగానే టప్పున చీకటి. నేను విజయవాడలో ఉంటూ మైలవరంలో జూనియర్ కాలేజీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. చలికాలంలో ఆఖరి క్లాసు అయ్యేసరికే పొద్దు గూకుతుంది. లైట్లు లేని కారును ఏం చేసుకోను?

మెకానిక్ రెండుసార్లు చూశాడు. “వైరింగ్ మొత్తం మార్చాలండి మేడమ్‌గారూ. పాత బండి కదండీ, ఎక్కడని వెతుకుతాం?” అన్నాడు. మావారు ఆ మాట పట్టుకుని కారు అమ్మడానికి బేరం కుదిర్చేశారు. ఆదివారం పొద్దున్నే వచ్చి తీసుకుపోతారట. నాతో ఒక్క మాటైనా అనకుండానే.

నాకు ఒళ్ళు మండిపోయింది. నలభై రెండో ఏట, అందరూ నవ్వుతుంటే నేర్చుకున్నాను డ్రైవింగ్. కారు పోతే మళ్ళీ బస్సు కోసం పరుగులు, మళ్ళీ కొండపల్లి దాటేదాకా నిలబడి ప్రయాణం. ఇవాళ తాడో పేడో తేలాలనుకుని, శనివారం భోజనం కాగానే కొంగు దోపుకుని సెల్లార్‌లోకి దిగాను.

ఫ్యూజుల మీద ఫ్యూజులు మాడ్చడం బుద్ధితక్కువ పని. ఫ్యూజు తీసేసి దాని చోట ఒక ఇండికేటర్ బల్బు తగిలించాను. హెడ్‌లైట్ల ప్లగ్గులు ఊడదీశాను. ఇప్పుడు స్విచ్ వేసినా బల్బు వెలగకూడదు. వెలిగిందంటే తీగ ఎక్కడో కారు ఇనుముకు తగులుతున్నట్టే. వేశాను. వెలిగింది. ఏటా బోర్డు మీద నేను గీసే బొమ్మే ఇది. కాకపోతే బోర్డు దగ్గర మోకాళ్ళు నొప్పి పుట్టవు.

ఇక తీగ వెంట పడ్డాను. డ్యాష్‌బోర్డు కింద కదిపాను, బల్బు ఉలకలేదు. బ్యాటరీ పక్కన కదిపాను, అంతే. మావారు దిగొచ్చి, “వదిలెయ్యవే, ఎందుకొచ్చిన తంటా” అన్నారు. “పట్టింది వదిలేసేదాన్నయితే మిమ్మల్ని ఎప్పుడో వదిలేసేదాన్ని” అన్నాను. ఆయన నవ్వలేదు. స్తంభానికి ఆనుకుని అక్కడే నిలబడ్డారు.

ఐదింటికి గ్రిల్లు ఊడదీసి, బంపరు వెనక చెయ్యి పెట్టి తీగల కట్టను లాగాను. బల్బు ఆరింది. వదిలాను, వెలిగింది. ఫోన్ టార్చి వేసి చూస్తే, ఎండి నల్లబడ్డ నిమ్మకాయ, దాని పక్కన నాలుగు మిరపకాయలు. దిష్టికి కట్టేది. ఎవరైనా దారంతో కారు ముందు వేలాడదీస్తారు. ఇది లోపల, ఎవరికీ కనపడకుండా, ఇనుప తీగతో కట్టి ఉంది. ఆ తీగను లైట్ల తీగల మీదుగా చట్రానికి బిగించారు. గతుకుల్లో ఒరుసుకుని అది లైట్ల తీగల పై తొడుగును కోసేసింది.

“ఏ మహానుభావుడండీ ఇది కట్టింది?”

దిష్టి మాటెత్తితే ఎగతాళి చేసే మనిషి మావారు.

“నేనే. కొండపల్లి రోడ్డులో ఆ లారీలు చూశాక కట్టాను. దారమైతే తెగిపోతుందని... నువ్వు నవ్వుతావని లోపల పెట్టాను.”

“కారు అమ్మేద్దామనుకున్నదీ అందుకేనా?”

తలూపారు.

తిట్టు నోటిదాకా వచ్చి ఆగింది. రెండేళ్ళుగా నా డ్రైవింగంటే ఆయనకు చులకన అనుకుంటూ వచ్చాను. కోసుకుపోయిన చోట టేపు చుట్టి, ప్లగ్గులు పెట్టి, కొత్త ఫ్యూజు వేశాను. లైట్లు వెలిగాయి. “భయమేస్తే నాతో చెప్పండి, కారుకు కాదు” అన్నాను.

ఆయన ఫోన్ తీసి, రేపు రావద్దని కొనేవాళ్ళకు చెప్పారు. తర్వాత నాతో, “సోమవారం మైలవరం చేరగానే ఒక్క ఫోన్ చెయ్యి” అన్నారు. రెండేళ్ళలో ఆ మాట అడగడం అదే మొదలు.