అమ్మ కుట్టిన సీరియల్‌కు మూడు వాటాలు

2022 మే నెల. తిరుపతిలో రైల్వే స్టేషన్‌కు కాస్త ఎడంగా ఉన్న సందులో మా బైండింగ్ షాపు. నాయన పెట్టిన షాపు, నాకు చేతనైన పని ఇదొక్కటే. ఒకప్పుడు ఎండాకాలం వచ్చిందంటే మాకు ఊపిరి సలిపేది కాదు. బడులకు సెలవులివ్వగానే ఇళ్ళల్లో వారపత్రికల కట్టలు అటక మీద నుంచి దించి, సీరియల్ పేజీలు చించి, పాత పంచెలో మూటగట్టి తెచ్చేవాళ్ళు. "సెలవులు అయిపోయేలోగా ఇచ్చేయాలప్పా, పిల్లోళ్ళు సదువుకోవాల" అని తొందరపెట్టేవాళ్ళు. ఇప్పుడు వచ్చేవి ఎక్కువగా కాలేజీ ప్రాజెక్టు రిపోర్టులు, ఆఫీసు రికార్డులు. వాటిని రాసినవాళ్ళు కూడా మళ్ళీ తెరిచి చూడరు.

నిజం చెప్పాలంటే నాకు ఆ మూటలంటేనే ప్రాణం. కథ ఒకవైపు, వెనకవైపు సగం వంకాయ కూర, సగం తలనూనె ప్రకటన. కూర పూర్తి కావాలంటే ఇంకో పేజీ ఉండాలి, దాని మీద కథ ఉండదు కాబట్టి చించేవాళ్ళు కాదు. అట్లా ఎన్నో కూరలు నాకు సగమే తెలుసు. అంటించిన గంజి ఆరేలోగా అన్నీ చదివేవాణ్ణి, నాయన తిట్టేవాడు.

ఆ మే నెలలో ముగ్గురు అక్కచెల్లెళ్ళు వచ్చారు. పెద్దామె సుభద్ర, పూతలపట్టులో మామిడి తోటలున్న ఇంటి కోడలు. నడిపామె విమల భర్తకు గూడూరులో నిమ్మకాయల వ్యాపారం. చిన్నామె హైమ ఇక్కడే బళ్ళో టీచరు. అక్కలిద్దరూ నా బల్లకు చెరో కొసన నిలబడ్డారు, ఒకరి మొహం ఒకరు చూడలేదు. హైమ సంచిలో నుంచి ఒక లావుపాటి పుస్తకం తీసి పెట్టింది. డెబ్బైల నాటి సీరియల్. ఎవరో దబ్బనంతో, పురికొసతో ఇంట్లోనే కుట్టి, క్యాలెండర్ అట్ట వేశారు.

"దీన్ని మూడు పుస్తకాలు చేయాలన్నా" అంది హైమ.

పుస్తకాన్ని విడగొట్టమంటే నాకు చిర్రెత్తుకొస్తుంది. "కలిపేది నా పని గానీ, తుంచేది కాదమ్మా. జిరాక్సులు తీసి మూడు సెట్లు చేసిస్తా, తలా ఒకటి తీసుకోండి" అన్నాను.

"జిరాక్సులో మా అమ్మ చెయ్యి ఉండదు గదన్నా" అంది విమల.

సంగతి మెల్లగా బయటపడింది. కుట్టింది వాళ్ళమ్మ. అంతకుముందు చలికాలంలోనే ఆమె పోయింది. నగలు, చీరలు, ఇల్లు, అన్నీ గొడవ లేకుండా పంచుకున్నారు. పెద్దకర్మ నాడు సుభద్ర ఈ పుస్తకాన్ని సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది.

"అడక్కుండా ఎత్తుకోని పోయినాది" అంది విమల, నాతో చెబుతున్నట్టు.

"కడదాకా అమ్మను సూసుకున్నేది నేను. నాకాపాటి హక్కు లేదా?" అంది సుభద్ర, ఆమె కూడా నాతోనే.

అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. హైమ గొంతు తగ్గించి, "ఇది మూడు కాకపోతే మా అక్కలిద్దరూ ఇంక ఒకరి గడప ఒకరు తొక్కరన్నా" అంది. ఆ మాట విన్నాక కాదనలేకపోయాను. గొణుక్కుంటూనే తీసుకున్నాను.

మరుసటి రోజు పురికొస విప్పాను. పత్రిక పేజీలు విడి కాగితాలు, వాటిని నేరుగా కుట్టలేం. ప్రతి కాగితం అంచుకూ గార్డ్ అంటించాలి, అంటే సన్నటి కాగితం పట్టీ. పట్టీలు మడిచి, కొన్ని కాగితాలు ఒక సెక్షన్‌గా చేసి, అప్పుడు దారం వేయాలి. ఆ పని చేస్తూ నా అలవాటు ప్రకారం కథ చదువుతూ పోయాను. నడుమ ఒకచోట కథానాయకుడి తాత చనిపోయాడు. ఊరంతా ఏడ్చింది. పేజీ తిప్పితే ఆ తాతే అరుగు మీద కూర్చుని, కాఫీలో చక్కెర తక్కువైందని కోడలి మీద చిందులు వేస్తున్నాడు.

ఇది సీరియళ్ళు ఇంట్లో కుట్టుకునేవాళ్ళు చేసే పొరపాటే. పత్రికలో పేజీ నంబర్లు ప్రతి వారం కొత్తగా మొదలవుతాయి, వాటిని బట్టి వరస తెలియదు. ఎన్నో వారమన్నది పేరు పక్కనే వేస్తారు, ఆ పైముక్క చిరిగిపోతే ఇక ఊహే గతి. వాళ్ళమ్మ ఒక వారాన్ని ముందుకు, ఒక వారాన్ని వెనక్కు కుట్టేసింది. సరిచేయడం నాకు నిమిషం పని. కానీ పరాయి ఇంటి పుస్తకం, అడగకుండా చేయకూడదు. హైమకు ఫోన్ చేశాను.

"అది నేను చెప్పేది కాదన్నా. అక్కలను పిలిపిస్తా" అంది.

విమల గూడూరు నుంచి రైలెక్కి వచ్చింది, సుభద్ర బస్సులో వచ్చింది. మళ్ళీ చెరో కొసన నిలబడ్డారు. నేను తాత విషయం చెప్పి, వరస మార్చమంటారా అని అడిగాను.

"తాత జోలికి పోవద్దు" అని ఇద్దరూ ఒకేసారి అన్నారు. అనేసి ఒకరినొకరు చూసుకున్నారు. హైమ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, కానీ నవ్వు ఆగలేదు.

"అన్నా, ఎండాకాలమంతా మాకు సింతపండు పని" అంది సుభద్ర. "అమ్మ వసారాలో కుప్ప పోసేది. అందరూ కూర్చోని గింజలు తీయాల. ఒకరు మాత్రం ఈ పుస్తకం గట్టిగా సదవాల. సదివేవాళ్ళకు గింజలు తీసే పని లేదు. అందుకే కొట్టుకునేవాళ్ళం, నేను సదవతా, నేను సదవతా అని."

పేజీల అంచుల్లో నేను చూసిన గోధుమరంగు మరకలు చింతపండువని నాకప్పుడు తెలిసింది.

"తాత సచ్చిపోయి మళ్ళా ఎట్ల వచ్చినాడని నేను అమ్మను అడిగినా" అంది విమల. "పెద్దాయన గదా, ఆకలేసి లేసినాడులే, నువ్వు సదువు అనింది అమ్మ." ఈసారి ఆమె నాతో కాదు, అక్కతో చెప్పింది.

"మా పిల్లోళ్ళు, మీ పిల్లోళ్ళు అందరూ సెలవుల్లో వచ్చి సదివింది ఇట్లనే. మా మనవరాలికి తాత లేసి కాఫీ అడిగేదే ఇష్టం" అంది సుభద్ర. కళ్ళద్దాలు పెట్టుకుని ఆ పేజీలు అందుకుని పైకి చదవసాగింది. ఆమె గొంతు మారిపోయింది, కోడలికి ఒక గొంతు, తాతకు ఒక గొంతు. మిగతా ఇద్దరూ స్టూళ్ళు జరుపుకుని దగ్గరగా కూర్చున్నారు. నేను గంజి కుంచె పక్కన పెట్టేశాను. నాయన తిట్లు గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. ఆయన తిట్టేవాడే గానీ, రాత్రి భోజనాల దగ్గర ఆ కథ తర్వాత ఏమైందని నన్నే అడిగేవాడు.

ఇక గొడవ తీరిపోయిందనుకున్నాను. "అయితే ఒకటే పుస్తకం చేసిస్తా" అన్నాను ఉత్సాహంగా.

విమల మొహంలో నవ్వు పోయింది. "ఒకటే అయితే ఎవరింట్లో ఉంటాది?"

మూడు చేయక తప్పలేదు. తాత వరస కదపకుండా, అంచులు కత్తిరించకుండా, మరకలు పోకుండా కుట్టి, మూడింటికీ ఒకే రంగు కాలికో, అంటే బైండింగ్ గుడ్డ, వేశాను. తీసుకోవడానికి వచ్చిన రోజు సుభద్ర మొదటి భాగం తీసుకుంది. మూడో భాగం హైమకు వస్తుందనుకుని నేను రెండోది విమల ముందుకు జరిపాను.

విమల దాన్ని ముట్టుకోలేదు. "నడిపిదాన్నని నాకు నడిమిదా? మొదలూ లేదు, కొసా లేదు. దీన్ని తీసకపోయి నేనేం జేసుకోవాల?" అంది. సుభద్ర తన భాగాన్ని గుండెకు హత్తుకుంది. మళ్ళీ మొదటికొచ్చిందే అనుకుని నేను తల పట్టుకున్నాను.

హైమ తన ముందున్న మూడో భాగాన్ని విమల చేతిలో పెట్టి, రెండోది తను తీసుకుంది.

"నువ్వెందుకే, అది ఎవరికీ పనికిరానిది" అంది సుభద్ర.

"కాదులే అక్కా. నీది అయిపోతే తర్వాతిది కావాలని మా ఇంటికే రావాల. విమలక్క కథ మొదల్నుంచి సదవాలన్నా మా ఇంటి మీదుగానే పోవాల. నాకిదే సాలు" అంది హైమ.

విమల మూడో భాగాన్ని సంచిలో వేసుకుంది. "రైలు పొద్దునే ఉండాది, ఈ సెలవుల్లోనే పిల్లోళ్ళను తీసుకోని వస్తా. అక్కా, నువ్వూ రా" అంది.

ఇన్నేళ్ళు పుస్తకం ముక్కలైతే మనుషులూ ముక్కలవుతారనే అనుకున్నాను. ఆ టీచరమ్మ నా బల్ల దగ్గరే అది తప్పని చూపించింది. ఇప్పుడు కూడా అప్పుడప్పుడూ అన్నదమ్ములో అక్కచెల్లెళ్ళో పుస్తకం విడగొట్టమని వస్తుంటారు. నేను కాదనను. దారం విప్పకముందు ఒక్కటే అడుగుతాను, నడిమి భాగం ఎవరు తీసుకుంటారని.