కుక్క ఉంది, గొడుగు పట్టినవాడు లేడు

ఆ రోజుల్లో నాకు జుట్టూ ఎక్కువే, కోపమూ ఎక్కువే. జుట్టు పోయింది. కోపం మాత్రం ఈ ఒక్క విషయంలో ఇంకా అలాగే ఉంది. న్యూజెర్సీలో చదువుకుంటూ యూనివర్సిటీ మ్యూజియంలో పార్ట్‌టైమ్ పని చేసేవాణ్ణి. రెండు వందల ఏళ్ల నాటి ఇంగ్లండు వ్యంగ్య చిత్రాలు అక్కడ పెట్టెల నిండా ఉండేవి. రాగిరేకు మీద చెక్కి, కాగితం మీద అచ్చువేసి, చేత్తో రంగులద్దిన బానపొట్టల మంత్రులూ ఎర్రముక్కుల దొరలూనూ. ఒక్కో బొమ్మకీ ఒక కార్డు. బొమ్మలో ఏమేం కనిపిస్తున్నాయో అందులో ఉండాలి. పాత కార్డులు సరిచూసి మళ్లీ టైపు చేయడం నా పని. (నాకోసమే పుట్టిన పని. నేను పళ్లపొడి డబ్బా మీద కూడా కొన్న తేదీ రాసుకునే రకం.) మా పై అధికారిణి ప్రతి బొమ్మనీ స్కేలుతో మూడేసిసార్లు కొలిచేది. అందుకని మనసులో ఆమెకు స్కేలమ్మ అని పేరు పెట్టుకున్నాను. శుక్రవారాలు తన ముసలి కుక్కను తెచ్చుకునేది. అది బల్ల కింద గురకపెట్టేది.

ఒక శుక్రవారం నా ముందుకొచ్చిన బొమ్మలో, ఇండియాలో బాగా బలిసి తిరిగొచ్చిన కంపెనీ దొర లండన్ వీధిలో నడుస్తున్నాడు. ముందు కుక్క. వెనకాల తలపాగా చుట్టుకున్న మనవాడొకడు, ఆ చలిలో ఉత్త కాళ్లతో, దొరకి గొడుగు పడుతున్నాడు. పాత కార్డులో ఉన్నది ఇంతే: ‘లావుపాటి పెద్దమనిషి, గొడుగు, కుక్క.’ రెండుసార్లు చదివాను. గొడుగు దానంతటదే గాల్లో నిలబడిందన్నమాట! నా ఒళ్లు మండిపోయింది. గొడుగు పట్టినవాడి మీద పదహారు పంక్తులు టైపు చేశాను. తలపాగా చుట్లు కూడా లెక్కపెట్టి రాశాను. చివర్న, ‘ఇతని ముందు ఎవరో లావుపాటి మనిషి కూడా ఉన్నాడు’ అని చేర్చాను.

స్కేలమ్మ చదివి, “బొమ్మలో ఉన్నది రాయి. నీ కోపం రాయకు,” అంటూ కార్డును నలిపి చెత్తబుట్టలో పడేసింది.

“కుక్క కనపడింది, మనిషి కనపడలేదా మీకు?” అని అరిచాను. బల్ల కిందిది లేచి మొరిగింది.

“సోమవారం నీ ఉద్యోగం సంగతి మాట్లాడదాం,” అంది స్కేలమ్మ.

ఆ రాత్రి పిస్కాటవేలో మా అద్దెగదిలో సంగతి విని నా రూమ్మేట్ తల పట్టుకున్నాడు. “పిచ్చా నీకు? స్టూడెంట్ వీసా మీద క్యాంపస్ బయట జాబ్ చేయలేవు. ఆ గొడుగాయన మీ మేనమామేంట్రా? పోయి సారీ చెప్పెయ్.”

“చెప్పను.”

“అయితే టికెట్ బుక్ చేస్కో. ఎయిర్‌పోర్ట్ దాకా గొడుగు నేను పడతాలే.”

సోమవారం ఒక జేబులో క్షమాపణ, ఇంకో జేబులో రాజీనామా పెట్టుకుని వెళ్లాను. స్కేలమ్మ బల్ల మీద నా కార్డు, మడతలు సాపుచేసి ఉంది. గదులు ఊడ్చే నల్లజాతి పెద్దాయన చీపురుతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. “నేనే తీసి పెట్టాను. మనిషి గురించి రాసింది చెత్తలో కలపడానికి చేతులు రాలేదు,” అన్నాడు. స్కేలమ్మ బొమ్మలో గొడుగు పట్టినవాడి మీద స్కేలు ఆనించి, “కుక్కకి మూడింతలున్నాడు. ఇన్నేళ్లూ కొలుస్తూనే ఉన్నాను,” అంది, నా మొహం చూడకుండా. నా పదహారు పంక్తులు మూడయ్యాయి. మనవాడు కార్డెక్కాడు. ఉద్యోగం నిలిచింది.

మొన్న ఫ్రీమాంట్ నుంచి మా అమ్మాయి ఫోన్‌లో అడిగింది: “నాన్నా, ఆ స్టోరీలో కార్డ్ సేవ్ చేసిన అంకుల్ పేరేంటి?”

“ఉండమ్మా, డైరీలో ఉంటుంది,” అని గర్వంగా తీశాను. సోమవారం పేజీలో బస్సు ఏడు నిమిషాలు లేటు, స్కేలమ్మ నీలం స్వెటర్, ‘కార్డు దొరికింది’. దానంతటదే దొరికిందన్నమాట! ముందూ వెనకా సంవత్సరమంతా తిరగేశాను. ఆ పెద్దాయన ఎక్కడా లేడు. కుక్క పేరు మాత్రం ప్రతి శుక్రవారమూ ఉంది.

స్కేలమ్మ మీద ఇన్నేళ్లు దాచుకున్న కోపమంతా నా మీదికే తిరిగింది. పెన్ను తీసి, ఆ పేజీ అంచున ఇవాళ్టి తేదీ వేసి, ఆయన గురించి రాద్దామని కూర్చున్నాను. పదహారు పంక్తుల మొనగాడికి మూడు కూడా రాలేదు. నవ్వొచ్చింది. కళ్లజోడు తీసి తుడుచుకుని, ‘చీపురు’ అని కాకుండా, ‘చీపురు పట్టుకున్న మనిషి’ అని రాశాను.