మూత తీయని నీళ్ళ బాటిల్

ఎండాకాలంలో పిల్లల్ని బయటికి తీసుకుపోవాలంటే ముందు రోజు నుంచే నాకు గుండె దడ. మా ఇంట్లో అందరూ నవ్వుతారు. నవ్వనీ, కర్నూలు ఎండతో ఆటలా?

ఆ మే నెలలో మా తమ్ముడు బేతంచెర్ల దగ్గర మామిడితోట గుత్తకు తీసుకున్నాడు. "అమ్మను, పాపను పిలుచుకొని రాక్కా, ఒక పూట ఉండి పోదురు" అన్నాడు. కల్లూరులో వ్యాను మాట్లాడుకున్నాం. టోపీలు, తువ్వాళ్ళు, మనిషికో నీళ్ళ బాటిల్ సర్దాను. దప్పిక కాకున్నా తాగుతూ ఉండాలని వ్యాను ఎక్కగానే అందరికీ పాఠం చెప్పాను. అమ్మ తన బాటిల్‌ను సంచిలో వేసుకుని "తాగుతాలే మే, ఊరికే ప్రాణం తీయొద్దు" అంది.

తోటలో బోరు నీళ్ళ తొట్టి ఉంది. పన్నెండేళ్ళ నా కూతురు, తమ్ముడి ఇద్దరు కొడుకులు అందులో దిగారు. నీళ్ళు నడుము దాటవు. అయినా నా కళ్ళు అక్కడి నుంచి కదల్లేదు. పాచికి జారి తల పగలగొట్టుకుంటారేమో, గడ్డిలో తేలుందేమో, మోటారు వైరు తడిసిందేమో! "అత్తా, నువ్వూ దిగు, భయం పోతాది" అని మేనల్లుళ్ళు ఆట పట్టించారు.

అమ్మ చెట్టు కింద కూర్చుని ఉంది. నీడన ఉన్న మనిషికి ఏమవుతుందిలే అనుకున్నాను. వడగాడ్పుకు నీడేంటి, ఎండేంటి? ఆ ముక్క అప్పుడు తట్టలేదు.

అన్నానికి పిలవబోతే అమ్మ నన్ను వింతగా చూసి, "పొయ్యి మీద పాలు పెట్టినా, దించినావా?" అంది.

"ఏం పాలమ్మా? మనం తోటలో ఉండాం."

"పొంగిపోతాయి మే, పో" అంటూ లేవబోయి పక్కకు ఒరిగిపోయింది. ఒళ్ళు కాలిపోతోంది. చెమట చుక్క లేదు. నేను పెట్టిన కేకకు తమ్ముడు పరిగెత్తుకొచ్చి, అమ్మను ఎత్తుకుని తొట్టి దగ్గర పడుకోబెట్టాడు. ఒంటి మీద నీళ్ళు పోసి, తడి తువ్వాళ్ళు కప్పి వ్యానులో ఆస్పత్రికి తీసుకుపోయాం. దారి పొడవునా "ప్రభువా, మా అమ్మను నాకు ఇచ్చెయ్" అని ఒకటే మాట నా నోట్లో.

సెలైన్లు ఎక్కాక, పొద్దు వాలే వేళకు అమ్మ నన్ను గుర్తుపట్టింది. ఇంటికి తీసుకుపొమ్మన్నారు. సంచి సర్దుతుంటే బాటిల్ చేతికి తగిలింది. మూతకున్న సీలు కూడా తెగలేదు.

"ఎందుకు తాగలేదమ్మా?" ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

"తాగితే యాడికి పోయేది? తోట నిండా కాయలు కోసే మొగోళ్ళు. మరుగు యాడుండాది?"

ఇన్ని సర్దాను, ఇన్ని పాఠాలు చెప్పాను. తోటలో ఆడవాళ్ళు పోవడానికి చోటుందా అని తమ్ముణ్ణి ఒక్క మాట అడిగానా? నేనూ ఆడదాన్నే కదా!

తిరుగు ప్రయాణంలో అమ్మ నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. ఎదురుగా నా కూతురు. ఎండకు మొహం కందిపోయింది. బాటిల్ ఇచ్చాను. పెదవులకు తాకించుకుని తిరిగి ఇచ్చేసింది. గొంతు కదల్లేదు.

"పొద్దున్నుంచి నీళ్ళు తాగినావా లేదా?"

తల దించుకుంది. "ఇంటికి పోయినాక తాగుతాలే మా. బయటికి పోయినప్పుడు ఆడపిల్లలు తాగకూడదని అవ్వ చెప్పింది."

ఒళ్ళో అమ్మ కళ్ళు మూసుకునే ఉంది. నిద్రపోలేదని నాకు తెలుసు.

"వ్యాను ఆపప్పా" అన్నాను డ్రైవరుతో. రోడ్డు పక్కన ఎవరిదో ఇల్లు. తలుపు తట్టాను. ఒకామె తీసింది.

"మా పాప బాత్రూముకు పోవల్ల తల్లీ."

ఎవరు, ఏ ఊరు అని అడగలేదామె. లోపలికి పిలిచి లైటు వేసింది.

నా కూతురు బయటికి వచ్చి, నేను చెప్పకుండానే చెయ్యి చాచింది. బాటిల్ ఖాళీ అయ్యేదాకా దించలేదు.