సగం మాత్ర

కొత్తగా తెల్లకోటు తొడిగిన ఆ రోజుల్లో రక్తపోటంటే రెండంకెలే అనుకునేదాన్ని. ఆ అంకెల వెనక మనుషులుంటారనీ, వాళ్ళు డాక్టరు మాట ఓ పట్టాన వినరనీ రాయపూర్ వచ్చాకే తెలిసింది. దేవేంద్ర నగర్‌లో నేను చేరిన క్లినిక్‌లో నాకు తెలుగు వచ్చిన పాపానికి, ఊళ్ళో తెలుగు బీపీలన్నీ నా నెత్తినే పడేవి. "మేడమ్, ఆప్కే వాలే ఆ గయే" (మీవాళ్ళొచ్చారు) అని కాంపౌండర్ కేకేస్తే చాలు, నీరసం వచ్చేసేది. రైసుమిల్లులో పనిచేసే ఒక కుర్రాడికి నన్ను చూస్తేనే బీపీ పెరిగేది, ఇంట్లో కొలిస్తే మామూలే. అతనికి మందక్కర్లేదని ఒప్పించడానికి తల ప్రాణం తోకకొచ్చేది. రిటైరైన రైల్వే గార్డు తాతగారికి మోతాదు కాస్త పెంచితే చాలు, లేవగానే కళ్ళు తిరిగేవి. అందుకని ఆయనకి కూర్చోబెట్టి ఓసారి, నిలబెట్టి ఓసారి కొలవాలి (నిలబడగానే సర్వీసు కబుర్లు మొదలు). అందరికీ ఒకే మందు పనికిరాదని చెప్పీ చెప్పీ గొంతు పోయేది.

అలా గొంతు పోయిన ఒక మధ్యాహ్నం రైల్వే క్వార్టర్స్ నుంచి శ్రీకాకుళం వైపు అత్తగారొకరు, ఆరో నెల గర్భిణి అయిన కోడలిని తీసుకుని వచ్చారు. అంతకు ముందుసారే కోడలికి బీపీ కాస్త ఎక్కువుంది. ఇప్పుడు ఇంకా పెరిగింది, పాదాలు వాచాయి. "మాత్రలేమైనా వేసుకుంటున్నావా?" అన్నాను. కోడలు కొంగు సర్దుకుంది. అత్తగారు మాత్రం గర్వంగా, "నాయే ఇస్తన్నానమ్మా. ఒకటి ఇరిసి సగం దానికి, సగం నాకు. ఇంట్లో అందరికీ ఒకే కూర వొండుకుంటాం, మందుకి యేరెందుకు?" అన్నారు.

ఆవిడ మాత్రల అట్ట తీయించి చూసి, అనుమానం వచ్చి ఆవిడకీ కొలిచాను. సగం మాత్రతో ఆవిడ బీపీ కూడా ఆకాశంలో ఉంది!

ఇక నాకు ఒళ్ళు తెలియలేదు. ఆ రకం మాత్ర కడుపులో బిడ్డ మూత్రపిండాలని దెబ్బతీస్తుందనీ, గర్భిణులకి మందులే వేరనీ, బిడ్డ దక్కుతుందో లేదో కూడా ఇప్పుడు చెప్పలేననీ అరిచాను. వీధిలోకి కూడా వినబడే ఉంటుంది. ఆవిడ మొహం పాలిపోయింది. "కిందటేడు దీనికి కడుపు పోనాదమ్మా. ఈసారైనా నిలబడాలని... నాకేటైతే ఏటి, దీనికి బాగుంటే సాలని నా మాత్రే ఇచ్చినాను" అంటూ కూలబడిపోయారు.

అప్పుడు కోడలు మెల్లగా కొంగు ముడి విప్పింది. సగం ముక్కలన్నీ టేబుల్ మీద రాలాయి. "సచ్చీ మేడమ్, నిజంగా ఒక్కటీ మింగలేదు. అడక్కుండా ఏ మందూ వద్దని మీరే చెప్పారుగా. కాదంటే అత్తమ్మ బాధపడతారని కట్టేసుకున్నా" అంది.

అత్తగారు ఆ ముక్కల్నీ కోడల్నీ మార్చి మార్చి చూశారు. "ఒలమ్మ! నా మాట ఇననందుకు బతికిపోనావే!" అని కోడల్ని వాటేసుకుని భోరుమన్నారు. నేను కుర్చీలో చేరబడ్డాను. ఆ ఊళ్ళో నా మాట విన్న మనిషి ఒకరున్నారన్నమాట!

ఆ తర్వాత మాత్రం నవ్వులాట కాదు. కోడలికి వేరే మాత్రలు, మూత్రపరీక్షలు, స్కానింగులు, వారం వారం భయాలు. అత్తగారికి పూర్తి మాత్ర. నెలలు నిండడానికి కొంచెం ముందే ఆడపిల్ల పుట్టింది, పిడికెడంత.

పిల్లని గుడ్డలో చుట్టుకుని క్లినిక్‌కి తెచ్చి అత్తగారు నా చేతుల్లో పెట్టారు. "ఆయేల నన్ను మా బాగా తిట్టినావు కదమ్మా. ఇప్పుడు దీన్ని ఎత్తుకుని తిట్టు, సూద్దాం" అన్నారు. నోరు తెరిచాను. తిట్టడానికి కాదు, పిల్ల బరువు చూద్దాం రమ్మనడానికి. ఇన్నేళ్ళయ్యాక ఇప్పుడు నాకు అరిచే ఓపికా లేదు, కళ్ళజోడు లేకపోతే అంకెలూ ఆనవు. కానీ అత్తాకోడళ్ళు జంటగా లోపలికి వస్తే మాత్రం, ఆనాడు అలా అరిచిన కుర్ర డాక్టరమ్మ గుర్తొచ్చి, ముందు ఇద్దరినీ కూర్చోమని మంచినీళ్ళు ఇస్తాను.