మునిగిన ఓడలో మన కొండ

సముద్రంలోకి దిగే ముందు ఒక ఫారం నింపమన్నారు. ఈత వచ్చా, చెవినొప్పి ఉందా, ఊపిరితిత్తుల జబ్బు ఉందా? ప్రతి ప్రశ్నకూ అవును, కాదు అని రెండు గడులు. కాలేజీ చర్చా పోటీల్లో మూడేళ్లు నెగ్గిన నాకు అంతకు మించిన వేదిక అక్కర్లేదు. సత్యనిష్ఠ మీద నేను చేసిన ప్రసంగానికి వచ్చిన ఇత్తడి కప్పు తారానగర్‌లో మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. అమ్మ అందులో జీలకర్ర పోసుకుంటుంది.

ఫారం ఇంగ్లీషులో ఉంది కాబట్టి నాయనది కూడా నేనే నింపాను. ఊపిరితిత్తుల జబ్బు అన్నచోట 'అవును' మీద గట్టిగా టిక్కు పెట్టాను. సండూరు కొండల్లో ఒక ఇనుప గని క్రషర్ దగ్గర ఆయన పాతికేళ్లు ఎర్ర దుమ్ము పీల్చారు. ఆయన దగ్గు మా ఇంటి గోడ గడియారం కంటే నమ్మకమైనది. నిజం నిజమే కదా.

నా ఫారంలో ఈత వచ్చా అన్నచోట కూడా 'అవును' అనే పెట్టాను. పొలం బావిలో వీపుకు బెండు కట్టుకొని, గట్టున నాయన తాడు పట్టుకొని నిలబడితే నేర్చిన ఈత అది. బెండుకూ తాడుకూ ఆ కాగితంలో గడులు లేవు. ఉంటే నింపేదాన్నే అని ఇప్పటికీ వాదించగలను.

ఫారాలు చూసిన గైడు తల అడ్డంగా ఊపాడు. అతను ఆ తీరంలోనే పుట్టిన కన్నడ మనిషి. "పెద్దాయనను కిందికి తీసుకుపోలేను. లైఫ్ జాకెట్టు వేసుకొని, తేలే రింగు పట్టుకొని పైనుంచే చూడాలి."

నాయన ఇంత దూరం వచ్చింది ఒక్క కోరికతో. తీరానికి దగ్గర్లో, రెండు నిలువుల లోతులో పడివున్న ఈ ఓడ ఇనుప ఖనిజంతో పోతూ మునిగిందని ఫోనులో వీడియో చూపించింది నేనే. ఆయన రాయిని పిండి చేసి లారీలకు ఎత్తించారు గానీ, మలుపు తిరిగాక ఆ లారీ ఎటు పోయిందో ఎన్నడూ చూడలేదు. "మన కొండ యాడికి పోయిందో ఒక్కసారి కండ్లారా చూడల్ల మ్మీ" అని నెలరోజులు అడిగారు.

"జబ్బుండాదని ఎందుకు రాస్తివి?" అన్నారు నాయన.

"నిజం నాయనా. నీళ్ల లోపల ఏమన్నా అయితే?"

"సరే, నాది నిజం రాస్తివి. నీ బెండు సంగతి రాస్తివా?"

నేను ముందుగా పడవ ఎక్కేశాను.

"కప్పు గెలిస్తివి గదా, చెప్పు మ్మీ."

పడవ కదిలింది కాబట్టి బతికిపోయాను.

ఓడ దగ్గర పడవ ఆపి, గైడు ఇద్దరికీ ముక్కును కూడా మూసే అద్దాలు తొడిగి, నోట గొట్టాలు పెట్టాడు. "బాయింద ఉసిరు తగొళ్ళి యజమాన్రే, మూగింద అల్ల" అని నాయనకు పదే పదే చెప్పాడు. నోటితో పీల్చాలట, ముక్కుతో కాదట. క్రషర్ దగ్గర కుర్రకారుకు నేర్పే మొదటి పాఠం దీనికి సరిగ్గా తలకిందులు: తడి తువ్వాలు కట్టుకో, ముక్కుతో పీల్చు, నోరు మూసుకో. నోరు తెరిచినవాడు ఆ పూట సద్దన్నంతో పాటు కొండను కూడా తింటాడు. పాతికేళ్ల చదువును పది నిమిషాల్లో మరవడం ఎవరి వల్ల అవుతుంది? గొట్టం పళ్ల మధ్యే ఉంది, నాయన ముక్కుతోనే లాగారు. అద్దం ముఖానికి అతుక్కుపోయి కళ్లు గుడ్లగూబ కళ్లలా ఉబ్బాయి.

నాకా ఇబ్బంది లేదు. నోరు తెరిచి ఉంచడమే నేను నేర్చిన విద్య.

గాలి సిలిండరు కట్టుకొని, గైడు చెయ్యి పట్టుకొని దిగాను. ఓడ పక్కటెముకలు కనిపించాయి, వాటి మధ్య పసుపు చారల చేపలు. గైడు ఒక ఎర్రటి కుప్పను వేలితో చూపించాడు. అది ఖనిజమేనని ఆధారమేమిటి? ఈ ప్రశ్న అడగడానికే నోరు తెరిచాను. గొట్టం జారింది, సముద్రం సమాధానమిచ్చింది. కాళ్లూ చేతులూ కొట్టుకుంటుంటే గైడు రెక్క పట్టి పైకి లాగి, పడవలో పడేశాడు.

"నిజంగా ఈత వచ్చా నీకు?"

"వస్తాదప్పా, బెండుంటే" అని నీళ్లలోంచి నాయన గొంతు.

ఆయన అప్పటికే గొట్టం పీకి పడవలోకి విసిరేశారు. పడవకు తాడుతో కట్టిన రింగు పట్టుకొని, దుమ్ము లేచినప్పుడు చేసినట్టే ఊపిరి బిగబట్టి, ముఖం నీళ్లలో పెట్టి చూస్తున్నారు. ఊపిరి చాలనప్పుడు తల ఎత్తి, అద్దం నుదుటి మీదికి నెట్టి, ముక్కుతో గాలి పీల్చి, ఒకసారి దగ్గి, మళ్లీ ముంచుతారు. ఇలా చూసేవాణ్ని తన జన్మలో చూడలేదన్నాడు గైడు. తాడు నా చేతికిచ్చి, తాను నాయన పక్కన దిగాడు.

చాలాసేపటికి ఆయన తల ఎత్తారు.

"ఏం కనపడింది నాయనా?"

"ఎర్రగా ఉండాది."

"అదే మీ ఖనిజం!" అన్నాడు గైడు ఉత్సాహంగా.

"కాదప్పా. అది తుప్పు. మా రాయి పడుంటే నీళ్లు ఇంత తేటగా ఉంటాయా? వానకు కొట్టుకొచ్చిన పొడికే మా వంక నీళ్లు ఎర్రబడి గొడ్డూ ఎనుమూ మూతి పెట్టవు."

వంక ఎంత, సముద్రం ఎంత? ఆ వాదనలోని లొసుగు నాకు తక్షణం దొరికింది. ఖండన కూడా నాలుక చివరికి వచ్చింది. కానీ నాయన ముఖం మీద అద్దం వదిలిన గుండ్రటి గీత, దాని లోపల ఎర్రబడిన కళ్లు చూశాను.

"అయితే మనది యాడికి పోయిందో" అన్నారాయన, నాతో కాదు, ఎవరితోనూ కాదు. అద్దం మళ్లీ కళ్ల మీదికి లాక్కుంటూ, "పోనీలే, చేపలన్నా ఉండాయి. ఇంగోసారి చూస్తా. తాడు ఇడవొద్దు మ్మీ."

ఆయన తల ముంచారు. నేను నోరు మూసుకొని, ముక్కుతో గాలి పీలుస్తూ, రెండు చేతులా తాడు పట్టుకొని కూర్చున్నాను.